చేతికిచ్చు మత్తు: దాని మాత్ర

శ్రోతలారా, చేతికి శస్త్రము చేయవలసివచ్చినపుడు, మనిషిని నిద్రపుచ్చక, చేతిని మాత్రము మొద్దుబార్చుటకు వైద్యులు నరముల చెంతకు సూదితో పంపెడి మందును గూర్చియు, అందు ముఖ్యముగా ఆ మందు కొలతను గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిని. నేను వైద్యుడను గాను. గోదావరి లంకలలోను, కాలువగట్ల ఊళ్లలోను పిల్లలకు వ్యాకరణమును లెక్కలను చెప్పి విశ్రాంతి గొన్న బడిపంతులను. అయినను ఈ విషయమున సగము పాలు లెక్కయే. లెక్క తప్పినచో పలకపై తుడిచి మరల వ్రాయవచ్చును. ఈ లెక్క అట్టిది గాదు. అందుచేతనే గ్రామమున నలుగురికి మాట చెప్పగల మీవంటి పెద్దల చెవిని వేయుట మంచిదని తోచినది.

మాత్ర యను మాటను ఇప్పుడు మనవారు మందుబిళ్లకు వాడుచున్నారు. ఆ మాటకు అసలు అర్థము కొలత. ఛందస్సులో లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అని మనము చిన్ననాడు వల్లించినదే. చరకసంహితలో మాత్రాశితీయ మని ఒక అధ్యాయమే గలదు. అది ఎంత తినవలెనను విచారముతో మొదలగును. కొలతను తెలుపు పదము కొలువబడు వస్తువునకే పేరైపోయి, కొలత సంగతి మరుగునపడుట మన భాషలో జరిగిన చిత్రము. మందుల వాడుకలోను అదియే జరుగుచున్నదేమో యని నాకొక అనుమానము.

మన డెల్టాలో చేయి విరుగుటకు కారణములు వెదకబోనక్కరలేదు. కోనసీమలో కొబ్బరి దింపు తీయువారు చెట్టుమీదినుండి జారుదురు. ధాన్యపు మరలో పట్టా చేతిని లాగుకొనును. వానకాలమున కాలువరేవు మెట్లపై వృద్ధులు కాలుజారి, అరచేయి నేలకు ఆనించి పడుదురు. మణికట్టు పై యెముక అచ్చటనే పుటుక్కుమనును. ఇట్టివారిలో పలువురు ఏండ్ల తరబడి చుట్టలు కాల్చినవారో, ఉబ్బసము గలవారో, గుండెజబ్బు గలవారో అయి యుందురు. వారికి ఒడలంతయు తెలియకుండ మత్తిచ్చుటకంటె, చేయి ఒక్కటే మొద్దుబార్చుట పెక్కు సమయములందు మేలు. ఊపిరి వారిది వారే తీయుచుందురు. శస్త్రము ముగిసిన పిమ్మటను కొన్ని గంటల వరకు నొప్పి తెలియదు.

ఇక చేతి నరముల సంగతి. మెడ దిగువభాగమున వెన్నుపామునుండి నాలుగును, రొమ్ముభాగమునుండి ఒకటియు, వెరసి అయిదు నరపు వేళ్లు వెలువడును. ఈ అయిదును కలిసి మూడు బోదెలగును. ఒక్కొక్క బోదె రెండుగా చీలి ఆరు పాయలగును. ఆ ఆరును మరల అల్లుకొని మూడు త్రాళ్లగును. ఆ త్రాళ్లనుండి చేతికి ముఖ్యమైన అయిదు నరములు పోవును. చూచువారికి ఇది జడయల్లిక వలె నుండును. బోదె యనగా చెట్టు మ్రానును అగును, మన పొలములకు నీరు పారెడి చిన్నకాలువయు నగును. ఇచ్చట రెండర్థములును సరిపోవుచున్నవి.

1847 మొదలు 1852 వరకు కాటన్‌దొర ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టించిన తరువాత తూర్పు, మధ్యమ, పశ్చిమ డెల్టాలకు కాలువలు చీలి, అవి పిల్లకాలువలై, పంటబోదెలై మన చేలను చేరుచున్నవి గదా. ఒక చేనికి నీరాపవలెనన్న ఆ చేని బోదె తూము మూసిన చాలును. ఊరి ఆయకట్టంతటికి ఆపవలెనన్న కాలువ తలవద్దనే లాకు దింపవలెను. నరముల విషయమును అంతియే. భుజమునకు శస్త్రమైనచో మెడకండరముల నడుమ వేళ్లవద్ద సూదివేయుదురు. మోచేతికిని, ముంజేతికిని, అరచేతికిని అయినచో మెడక్రింద అడ్డముగా నుండు జత్రువను ఎముకకు ఎగువనో దిగువనో, కాకున్న చంకలోనో వేయుదురు. ఒక వ్రేలికే యైనచో వ్రేలి మొదట చాలును.

అయితే తూమునకు పలక దింపినంత తేటగా ఈ పని జరుగదు. మందు నరముచుట్టు చేరి, లోనికి ఊరి, అచ్చట వార్తాప్రవాహమును ఆపవలెను. తక్కువైనను, దూరముగా పడినను, రెండు వ్రేళ్లు మొద్దుబారి మూడవది మేలుకొని యుండును. ఎక్కువైనచో నరమునకు కావలసినది పోగా మిగిలినది నెత్తురులో కలిసి మెదడునకును గుండెకును పోవును. నరమున వార్తను ఆపు గుణమే మెదడులోను, గుండెలోను పనిచేయబోవును. మందు అదియే, గుణము అదియే. చేతిలో నున్నంతవరకు ఉపకారి, గుండెకు చేరినచో అపకారి. ఇందువలననే కొలతకు ఇంత పట్టుదల.

ఇప్పుడు లెక్కకు వత్తము. సీసాపై నూటికి ఇంత యని వ్రాసియుండును. నూటికి 1 అనగా 100 మిల్లీలీటర్ల ద్రవములో 1 గ్రాము మందు; కాబట్టి 1 మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు. నూటికి 2 అయిన 20; నూటికి అర అయిన 5. బ్యుపివకెయిను అను మందునకు మనిషి తూకములో కిలో ఒక్కింటికి 2 మిల్లీగ్రాములు మించరాదని సాధారణముగా పాటించు హద్దు. 50 కిలోల మనిషికి 100 మిల్లీగ్రాములు. నూటికి అర పాళ్ల మందైన 20 మిల్లీలీటర్లు. లిగ్నోకెయినునకు హద్దు ఇంతకంటె ఎక్కువ. దానిని ఎడ్రినలిను అను రక్తనాళములను ముడుచు మందుతో కలిపి యిచ్చినచో నెత్తురులోనికి మెల్లగా పోవును గనుక కిలోకు 7 మిల్లీగ్రాముల వరకు పోవచ్చునందురు. ఆ 50 కిలోల మనిషికే 350 మిల్లీగ్రాములు. నూటికి 2 పాళ్లదైన పదిహేడున్నర మిల్లీలీటర్లు, నూటికి 1 పాళ్లదైన 35. ఆ ఎడ్రినలిను కొలత యింకను చిత్రము: రెండులక్షల మిల్లీలీటర్లకు ఒక గ్రాము పాలున కలుపుదురు.

కంసాలి త్రాసులో గురివిందగింజ యెత్తు మీరెరుగుదురు. అది సుమారు 120 మిల్లీగ్రాములు. అనగా 50 కిలోల మనిషికి బ్యుపివకెయిను హద్దు ఒక గురివిందగింజ యెత్తుకు కూడ తక్కువే. మన అమ్మాయిల నగలు తూచునపుడు గింజ యెత్తు తేడాకు కంసాలితో వాదించు మనము, ఆసుపత్రిలో తూకమడిగినపుడు నోటికి వచ్చిన అంకె చెప్పుదుము.

ఈ మాట ఊరక అనలేదు. మా ప్రక్క గ్రామమున డెబ్బదియారేండ్ల రైతు ఒకరు ముంజేయి విరిగి రాత్రివేళ ఆసుపత్రికి చేరిరి. పేరు చెప్పను. మత్తువైద్యురాలు తూకమెంతయని అడుగగా, ఆయన కుమారుడు డెబ్బది కిలోలు ఉండునండీ యనెను. తండ్రి నడివయస్సున బస్తాలు మోసిన కాయము అతని కన్నులలో నిలిచియున్నది గాబోలు. ఆమె ఆ మాటపై ఆధారపడక, ఆయనను పట్టుకొని యంత్రముపై నిలువబెట్టించినది. నలుబదియెనిమిది! డెబ్బదికి లెక్క 140 మిల్లీగ్రాములు, నలుబదియెనిమిదికి 96. ఆ 44 మిల్లీగ్రాముల తేడా ఒక ముదుసలి గుండె మీద పడవలసినది. వయస్సునుబట్టి ఆమె 96 వరకును పోలేదు. నూటికి అర పాళ్ల మందు 15 మిల్లీలీటర్లు, అనగా 75 మిల్లీగ్రాములతో సరిపెట్టినది. అప్పుడా కుమారుడు, అమ్మా, నాయన నొప్పికి ఓర్వలేడు, ఇంకొంచెము ఎక్కువ వేయుడని బ్రతిమాలెను. ఆమె నవ్వి, నొప్పి యెంతయని కాదు, మనిషి యెంతయని కొలుతుమని చెప్పెనట. ఈ సంగతి ఆ రైతే నాతో చెప్పిరి.

ఆమె మాట సరియైనది. హద్దు దాటి పోసినందువలన మొద్దు మరింత గట్టిపడదు. నరము చుట్టును చేరవలసిన చోటికి చేరుటయే ప్రధానము. ఇంకొక సంగతియు గలదు. రెండు మందులు కలిపి యిచ్చినచో వాని హద్దులు వేరువేరుగా లెక్కించుటకు వీలులేదు. ఒకదానిలో సగము వాడినచో రెండవదానిలోను సగమే మిగిలినట్లు. గాయమువద్ద శస్త్రవైద్యుడు మరికొంత మొద్దుమందు ఎక్కించినచో అదియు ఆ పద్దులోనిదే. అన్నదమ్ములకు ఉమ్మడి ఖాతా ఉన్నపుడు ఎవరు తీసికొన్నను నిలువ తగ్గును గదా. వృద్ధులకును, కాలేయమో గుండెయో చెడినవారికిని, గర్భిణులకును హద్దులో కొంత తగ్గించుకొందురు. మిక్కిలి లావైనవారికి, క్రొవ్వు తూకమును గూడ చేర్చి మందు పెంచుట తగదని, ఉండవలసిన తూకమునుబట్టి కొలుతురు.

ఈ తెలివి ఒక్కనాట రాలేదు. 1884లో వియన్నా నగరమున కార్ల్ కోల్లరు అను వైద్యుడు కోకా ఆకు సారమైన కొకెయినును కంటిలో వేసి నొప్పిలేకుండ శస్త్రము చేయవచ్చునని చూపెను. ఆ వెంటనే అమెరికాలో హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు దానిని నరములకు ఎక్కించి చూచెను. తనపైనే ప్రయోగించుకొని ఆ మందునకు బానిసయయ్యెను. 1911లో జర్మనీలో కులెన్‌కాంఫ్ జత్రువునకు ఎగువ చర్మము కోయకుండ సూది వేయు పద్ధతిని ముందుగా తనకే చేసికొని చూచెను. లిగ్నోకెయినును 1943లో స్వీడనులో లోఫ్‌గ్రెన్ అనువాడు తయారుచేసెను. జైలోకెయిను అను పేరున మన ఆసుపత్రులలో పంటివైద్యులవద్ద సైతము మీరు వినియుందురు. 1957లో ఆ దేశముననే పుట్టిన బ్యుపివకెయిను చాలసేపు పనిచేయును గనుక అందరకు ప్రీతిపాత్రమయ్యెను. 1979లో ఆల్‌బ్రైట్ అను అమెరికా వైద్యుడు ఒక హెచ్చరిక వ్రాసెను: ఈ మందు పొరపాటున రక్తనాళములోనికి పోయినచో గుండె హఠాత్తుగా ఆగుచున్నది, ఆగిన గుండెను మరల కదిలించుట దుర్లభమగుచున్నది అని. తరువాత గుండెకు కొంత సౌమ్యమైన రోపివకెయిను మొదలగునవి వచ్చినవి. సౌమ్యమన్నంత మాత్రమున హద్దు లేనివి గావు.

మత్తుమందు ప్రాణమును ఏ దారిని తీయునను ప్రశ్న మన తెలుగునేలపై కూడ తర్కింపబడినది. 1888లోను, మరల 1889లోను హైదరాబాదున క్లోరోఫారము సంఘములు కూడినవి. ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడు ప్రోత్సాహకుడు; ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ధనమిచ్చెను. శ్వాసను కనిపెట్టియున్న చాలును, గుండెకు భయము లేదని వారు తేల్చిరి. 1911లో లెవీ అను ఇంగ్లీషు వైద్యుడు క్లోరోఫారము గుండెను నేరుగా తాకి చంపగలదని నిరూపించెను. హైదరాబాదు వారి శ్రమ వృథా యని నేననను. మత్తిచ్చువాడు రోగిని ఎడతెగక కనిపెట్టియుండవలెనను వారి పట్టు నేటికిని నిలిచినది. కాని ఒకదానినే చూచి రెండవదానిని మరచుట ఎంత ప్రమాదమో కూడ అందు కనబడుచున్నది.

చేతి మొద్దుమందు నెత్తురులో ఎక్కువైనపుడు సామాన్యముగా మొదట తెలిసికొనువాడు వైద్యుడు గాదు, రోగియే. పెదవులచుట్టు తిమ్మిరి యెక్కును. నాలుకపై ఇనుము నాకినట్లు రుచి తోచును. చెవులలో వరదనాటి గోదావరి హోరు వంటి మ్రోత పుట్టును. తల తిరుగును, మాట తడబడును. పిదప కండరములు అదరుట, మూర్ఛ. అటుపైన గుండెలయ చెడుట. కొందరిలో ఈ వరుస పాటింపక గుండెయే ముందు దెబ్బతినును. అందుచేత వైద్యులు మందునంతయు ఒక్కసారి నెట్టరు. సూదిని వెనుకకు లాగి నెత్తురు వచ్చునేమో చూచి, మూడు నుండి అయిదు మిల్లీలీటర్లు పంపి, ఆగి, ఎట్లున్నదని అడిగి, మరల పంపుదురు. ముగిసిన పిమ్మట అరగంటయైన కనిపెట్టి యుందురు.

ఎట్లున్నదని అడుగుట మర్యాద ప్రశ్న గాదు. మన పెద్దలు ఓర్పునకు పేరుపడినవారు. వైద్యునికి శ్రమ యెందుకని, పరవాలేదు బాబూ, అందురు. ఇచ్చట ఆ ఓర్పు పనికిరాదు. నోరు తిమ్మిరెక్కినచో ఎక్కినదని, చెవి హోరుమన్నచో హోరుమన్నదని వెంటనే చెప్పవలెను. చిన్నమాట దాచినందువలన పెద్దప్రమాదము దాపురించును.

నేటి ఆసుపత్రులలో అల్ట్రాసౌండు యంత్రము ఈ పనికి గొప్ప తోడు. చెవికి వినబడని శబ్దతరంగములను ఒడలిలోనికి పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనినిబట్టి నరమును, రక్తనాళమును, సూదిమొనను తెరపై చూపును. 1994లో వియన్నా వైద్యులు దీని సాయమున జత్రువునకు ఎగువ సూది వేసిన విధమును ప్రకటించిరి. పూర్వము గుర్తులనుబట్టి గ్రుడ్డిగా 30, 40 మిల్లీలీటర్లు పోసినచోట, ఇప్పుడు చూచి తక్కువతో సరిపుచ్చవచ్చును. 2008లో ప్రకటితమైన ఒక పరీక్షలో భుజశస్త్రమునకు మెడవద్ద 20 మిల్లీలీటర్లు ఇచ్చినవారిని, 5 మాత్రమే ఇచ్చినవారిని పోల్చిరి. నొప్పి తగ్గుదలలో తేడా కనబడలేదు. కాని శ్వాసకు ఆధారమైన ఉదరవితానమను కండరము, ఆ ప్రక్కది, 20 ఇచ్చినవారిలో అందరకును స్తంభించినది. 5 ఇచ్చినవారిలో సగముకంటె తక్కువమందికే. మెడనుండి ఆ కండరమునకు పోవు నరము ప్రక్కనే యుండుటయే దీనికి కారణము. ఉబ్బసము గలవారు, ఒక ఊపిరితిత్తి చెడినవారు ఆ సంగతి ముందుగా చెప్పవలెననుట ఇందుకే. నెత్తురు పలుచబరచు మందులు వాడువారును అట్లే చెప్పవలెను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను విపత్తు రాదని ప్రమాణము చేయుటకు వీలులేదు. వచ్చినచో విరుగుడు గలదా? కలదు, అదియు ఒక విచిత్రమైన పదార్థము. సోయాచిక్కుడు నూనెను నీటిలో సన్నముగా చిలికి చేసిన పాలవంటి తెల్లని ద్రవము. నోట ఆహారము తినలేని రోగులకు బలమునకై రక్తనాళములోనికి ఎక్కించుటకు ఏర్పడినది. 1998లో వైన్‌బర్గ్ అను అమెరికా వైద్యుడు, దీనిని ఎక్కించిన ఎలుకలు బ్యుపివకెయినునకు అంత సులభముగా చావకుండుటను గమనించెను. 2006లో భుజశస్త్రమునకై సూది వేయించుకొన్న ఒక రోగి గుండె ఆగి, ఇరువది నిమిషములు ప్రయత్నించినను కదలక, ఈ నూనెపాలు ఎక్కింపగానే మరల కొట్టుకొన్నదని ప్రకటించిరి. ఆ మనిషి బ్రతికెను. దీనికిని మాత్ర కలదు: నూటికి 20 పాళ్లది, మొదట కిలోకు ఒకటిన్నర మిల్లీలీటరు, 50 కిలోలవారికి 75. శస్త్రమునకు ముందు, ఆ నూనెపాల సీసా మీయొద్ద సిద్ధముగా నున్నదా యని మీరు అడిగినచో మంచి వైద్యుడెవడును కోపగింపడు.

మన జిల్లాలకు ఈ సౌకర్యములు దూరము గావు. కాకినాడలో 1958లోనే రంగరాయ వైద్యకళాశాల వెలసినది. రాజమహేంద్రవరమునను ఏలూరునను 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు తెరువబడినవి. నాటువైద్యుని కట్టుతో వారములు గడిపి, ఎముక వంకరగా అతికిన పిమ్మట పోవుటకంటె మొదటనే పోవుట మేలు. పోవునపుడు వాడుచున్న మందులన్నియు ఒక సంచిలో వేసికొని పొండు. పూర్వము మొద్దుమందునకు ఏమైన తేడా చేసియున్నచో అదియు చెప్పుడు. కాఫీ యిడ్లీలు తినిపించి తీసికొనిపోకుడు. మనిషి మేలుకొనియే యుండునన్నను, మొద్దు చాలక పూర్తి మత్తు ఇవ్వవలసి రావచ్చును.

తిరిగివచ్చిన తరువాత లిగ్నోకెయినైన రెండు మూడు గంటలకు, బ్యుపివకెయినైన ఎనిమిది మొదలు పదునారు గంటలకు, ఒకప్పుడు అంతకంటె ఆలస్యముగను చేయి మేలుకొనును. అంతవరకు ఆ చేయి మనది గానట్లే యుండును. వ్రేలాడు పట్టీలో ఉంచవలెను, ప్రక్కక్రింద నలుగనీయరాదు, చలియని కుంపటిదగ్గరకో, వేడినీళ్ల సీసామీదకో చేర్చరాదు, కాలినను తెలియదు. నొప్పి మొదలైన పిమ్మట గాక, వ్రేళ్లలో చీమలు ప్రాకినట్లు తోచినపుడే వైద్యులిచ్చిన నొప్పిబిళ్ల వేసికొనవలెను. లేనిచో అర్ధరాత్రి ఒక్కసారిగా నొప్పి లేచి ఇంటిల్లిపాదికి నిద్ర ఉండదు. ఒక పగలు ఒక రాత్రి గడచినను చేతికి స్పర్శ రానిచో, కట్టు బిగిసి వ్రేళ్లు నల్లబడినచో, ఊపిరి బరువెక్కినచో, తెల్లవారనిండని ఆగక ఆసుపత్రికి కబురు చేయవలెను.